కల్యాణ్ స్టేషన్‌లో నా కోసం నిలబడిన మనిషి

ఏడేళ్ల కింద ఇదే పత్రికలో నేనొక యాత్రా కథనం రాశాను. సిద్దిపేట నుంచి ముంబై దాకా నా మొదటి ప్రయాణం గురించి. చాలామంది బాగుందన్నారు. మా బడిలో హెడ్మాస్టరు గారు ప్రార్థన వేళ అందులోంచి ఒక పేరా చదివి వినిపించారు. "కల్యాణ్ స్టేషన్‌లో నన్ను తీసుకెళ్లడానికి రావలసిన మా బావ రాలేదు. ఆ మహానగరంలో సాంచాల చప్పుడు ముందు చుట్టరికాలు వినపడవు."

సాంచా అంటే మరమగ్గం. బావ, అంటే మా అక్క భర్త, ముంబై పక్కనున్న భివండిలో ముప్పై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్నాడు. ఆ రెండో వాక్యం మీద నాకు చాలా మోజు ఉండేది. కానీ దాని ముందున్న వాక్యం అబద్ధం. బావ వచ్చాడు. నేనే అక్కడ లేను.

జరిగింది ఇది. పొద్దున ఎనిమిది గంటలకు వస్తాను, టికెట్ కౌంటర్ దగ్గర బ్రిడ్జి కింద నిలబడు, ఏ బండీ ఎక్కకు అని బావ ఫోన్లో చెప్పాడు. నా రైలు ఆరున్నరకే చేరింది. భివండి ఠాణే పక్కనే ఉన్నట్టు మ్యాపులో చూసి ఉన్నాను. లోకల్ ఎక్కి ఠాణేలో దిగి, బస్సు పట్టుకుని, బావ ఇల్లు కదలకముందే వాకిట్లో నిలబడి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. సాంఘిక శాస్త్రం చెప్పే పంతులును, మ్యాపు చూడటం నాకు తెలియదా అనుకున్నాను. ఎక్కింది ఫాస్ట్ లోకల్. ఠాణే వచ్చింది, పోయింది, నేను తలుపు దాకా కూడా చేరలేకపోయాను. దాదర్‌లో జనమే నన్ను బయటికి నెట్టారు. ఆ తొక్కిసలాటలో ఫోన్ పోయింది. బావ నంబరు నోటికి రాదు. అడుగుతూ, తిరుగుతూ, చివరికి టాక్సీ మాట్లాడుకుని చీకటి పడ్డాక అక్క ఇంటికి చేరాను. కాసేపటికి బావ వచ్చాడు. ఆయన నోరు తెరవకముందే నేనే అన్నాను: "పొద్దంత ఆడనే నిలబడ్డ బావా. నువ్వు రాలేదు."

బావ నా ముఖం చూసి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆ మౌనాన్ని చేతికి చిక్కిన వరంలా తీసుకుని, ఇంటికొచ్చి కథనం రాసేశాను.

సిద్దిపేట: నాలుగు దారులు

మా దిక్కు పెళ్లైన ఆడబిడ్డకు మూడేళ్లకో ఐదేళ్లకో పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, చీర, రవిక గుడ్డ, ఎండుకొబ్బరి కుడకలు ఆమె కొంగులో పోసి పంపుతారు. మా అమ్మ పోయాక ఆ పని నాది, నా భార్య సుజాతది. అక్కకు పోసి తొమ్మిదేళ్లు దాటింది. ఏటా ఫోన్ చేసి పిలుస్తాను. ఏటా అక్క ఒకటే మాట: "చూస్తం తియ్యి." బావ పంపడం లేదని నేను అనుకున్నాను, చుట్టాలతోనూ అదే చెప్పాను.

ఈ దసరా సెలవుల ముందు సుజాత తెగేసి చెప్పింది. "ఫోన్ల పిలిస్తె వస్తదా ఆడిబిడ్డ? పోయి బొట్టు పెట్టి పిలువాలె. పేపర్ల నీ రాత నువ్వే కడుక్కరా పో."

"నువ్వు రావా?"

"నేనొస్తె వదిన నా మొఖం జూసి ఒప్పుకుంటది. ఒక్కనివే పో."

సిద్దిపేట నుంచి ముంబై దిక్కు పోవడానికి ఇప్పుడు నాలుగు దారులు. భివండికి నేరుగా ప్రైవేటు స్లీపర్ బస్సులున్నాయి. సాయంత్రం ఎక్కితే మర్నాడు తెలుగు వీధిలోనే దించుతారు. పన్నెండు వందలో, పండగ రోజుల్లో రెండు వేలో. రెండోది సికింద్రాబాద్ వెళ్లి రైలు. స్లీపర్ టికెట్ ఐదు వందల లోపే, కానీ నెల ముందు చూసుకోవాలి. మూడోది శంషాబాద్ పోయి విమానం. గంటన్నరలో చేరుస్తుంది గానీ దిగిన చోటి నుంచి భివండి చేరడానికి అంతకు రెట్టింపు పడుతుంది. నాలుగోది నలుగురు కలిసి కారు మాట్లాడుకోవడం. ఎవరి నడుము ఎంత గట్టిదో తెలిసిపోతుంది.

నేను రైలే ఎంచుకున్నాను. తప్పు చేసిన దారినే మళ్లీ పోవాలనిపించింది.

సిద్దిపేటకు రైలు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. పనేమీ లేకున్నా గజ్వేల్ దాకా పోయి వచ్చేవాళ్లను నేనెరుగుదును. సికింద్రాబాద్‌కు రైలు టికెట్ బస్సు టికెట్‌లో సగం కూడా లేదు. నా ఎదుట కుకునూరుపల్లి ఆమె ఒకరు సీతాఫలాల గంపతో కూర్చుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, రైలుకు డబ్బులెందుకు పెట్టావమ్మా అని అడిగాను.

"ఫిరీనే సారూ. గానీ సికిందరబాదు దాంక నిలబడి పోవాలె. గీడనైతె కాళ్లు సాపుకుంట. నా కాళ్లకు నేను కిరాయి కడుతున్ననుకో."

అక్క ఇంటికి పోతున్నానంటే రెండు కాయలు నా సంచిలో వేసింది, డబ్బులిస్తే తీసుకోలేదు. "రేపటికి పండ్లయితయి" అంది. రేపటి దాకా ఆగలేదు. సాయంత్రానికే మెత్తబడి చితికి, అక్క ఇంట్లో వేసుకుందామని మడిచి పెట్టుకున్న తెల్లచొక్కా మీద పరుచుకున్నాయి.

రైల్లో తొగుట దంపతులు

సికింద్రాబాద్‌లో ఎక్కిన పెద్ద రైల్లో నా పక్క బెర్తులు తొగుట నుంచి వచ్చిన మల్లయ్యవి, ఆయన భార్య ఎల్లవ్వవి. కూతురి కాన్పుకు భివండి పోతున్నారు. బాలింతకని ఎల్లవ్వ దంచిన వెల్లుల్లి కారం డబ్బా ఒడిలోంచి దించలేదు. వాసన మాత్రం బోగీ అంతా పంచింది. నాకు మక్కజొన్న గారెలు పెట్టారు, నేను వాళ్లకు సర్వపిండి ఇచ్చాను. షోలాపూర్ దిక్కు పోయే ఒక మరాఠీ పెద్దమనిషి మా సర్వపిండి తిని, వాళ్ల థాలీపీఠ్‌కు తమ్ముడిలా ఉందన్నాడు. మేము పలచగా గిన్నెకు ఒత్తుతాం, వాళ్లు పెనం మీద చేస్తారట. అంతే తేడా.

కల్యాణ్‌లో దిగుతారు కదా, కలిసి పోదాం అన్నాను.

మల్లయ్య గట్టిగా తల అడ్డంగా ఊపాడు. "కల్యాణ్ల మేం దిగం సారూ. ముంబై దాంక టికెటు. ఆడికి అల్లుడు కారు పంపుతుండు. మూడు వేలు."

"మూడు వేలా? కల్యాణ్ నుంచి షేర్ ఆటోలో అరగంట కదా పెద్దాయనా."

"అరగంటనే. గానీ ఆడ దిగితె ఎవరు రారట. మనూరోళ్లందరు అంటరు. సిద్దిపేట సారొకాయన పుస్తకంల రాసిండట గద, సొంత బావనే రాలేదని. పొద్దుగూకిందాంక తిరిగిండట పాపం."

ఆ 'పాపం' విని చేతిలో గారె పక్కన పెట్టాను. అప్పుడు చెప్పాను. "ఆ సారును నేనే. రాసింది అబద్ధం. బావ వచ్చిండు. నేనే ముందుగాల లోకల్ ఎక్కి తప్పిపోయిన."

ఎల్లవ్వ డబ్బాను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. మల్లయ్య నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"రాసింది నువ్వే. దిగుమంటున్నది నువ్వే. ఏ మాట నమ్మాలె సారూ?"

"ఇప్పుడు చెప్పేది."

"అప్పుడు గూడ గిట్లనే అనుకున్నంగద."

ఎల్లవ్వ కలగజేసుకుంది. "పోనియ్యి. బడిపంతులు, నలుగురిల నామోషీ అనుకున్నడేమో." నన్ను సమర్థించడానికే అంది. ఏడేళ్లు నేను లోపల తిప్పి తిప్పి పెట్టుకున్న సంజాయిషీ అంతా అదే. ఇంకొకరి నోట వింటే ఎంత చిన్నగా ఉందో అర్థమైంది.

తెల్లవారుతుండగా కొండల ఘాట్ దారి దిగాం. పచ్చటి లోయలు, సొరంగాలు, కొండ అంచుల నుంచి దారాల్లా జారే నీళ్లు. మా రాళ్ల గుట్టలకు అలవాటైన కళ్లకు కొండ ఇంత తడిగా ఉంటుందని నమ్మబుద్ధి కాదు. కల్యాణ్‌లో నేను దిగాను. వాళ్లిద్దరూ దిగలేదు. కిటికీలోంచి ఎల్లవ్వ చెయ్యూపింది.

కల్యాణ్

నేను వస్తున్నట్టు అక్కకు మాత్రమే చెప్పాను. స్టేషన్‌కు ఎవరినీ పంపొద్దన్నాను. అయినా బ్రిడ్జి ఎక్కుతూ జనంలో బావ ముఖం వెతుక్కున్నాను.

ఏడేళ్ల తరువాత కూడా తప్పు దారే దొరికింది నాకు. గుంపుతో పాటు నడిచి తూర్పు వైపు దిగాను. అటు భివండి ఆటోలుండవు. వడాపావ్ బండి అతన్ని నా పంతులు హిందీలో అడిగితే, నవ్వి ముందు తినమన్నాడు. ఇరవై రూపాయలు. పచ్చిమిర్చి వేరే అడగక్కర్లేదు, వేయించి ఉప్పు చల్లి పక్కనే పెడతారు. మన దగ్గర మిర్చి బజ్జీ, వాళ్లకు బజ్జీ పక్కన మిర్చి. తినడం అయ్యాక మళ్లీ బ్రిడ్జి ఎక్కి అవతలికి దిగమని చెప్పాడు. అవతల షేర్ ఆటోల వరుస. యాభై రూపాయలు, వెనక ముగ్గురం, ముందు డ్రైవరు పక్కన ఒకరు. భివండిలో అక్కవాళ్లుండే "పద్మానగర్" పేరు చెబితే చాలు, డ్రైవరు "తెలుగువాలే?" అని రేడియో తగ్గించాడు.

భివండి

పద్మానగర్‌లో దిగితే కొంతసేపు ఎక్కడికీ రానట్టే ఉంటుంది. తెలుగు బోర్డులు, కల్లు గురించి మాట్లాడుకునే మగవాళ్లు, అంగట్లో మన కారప్పొడి. తేడా అంతా చప్పుడులోనే. ప్రతి గోడ వెనక సాంచాలు టకటకలాడుతుంటాయి. ఇక్కడివాళ్లకు అది వినపడదు. కరెంటు పోయి ఆగితేనే ఏదో జరిగిందని బయటికొస్తారట.

అక్క నన్ను చూసి నీళ్లిచ్చింది, ఏడవలేదు, నవ్వలేదు. సంచిలో మచ్చలు పడ్డ చొక్కా చూసి "ఇటియ్యి, ఉతుకుత" అంది. బావ పొద్దున్న పాళిలో, అంటే షిఫ్టులో, ఉన్నాడు. ఆయనకు పొద్దుటి సద్ది తీసుకుపోతూ నన్నూ వెంట తీసుకెళ్లింది.

షెడ్డు లోపల అడుగు పెడితే మాట అన్నది ఉండదు. అక్కడ పనిచేసేవాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. అన్నం వచ్చిందంటే ఒక సైగ, దారం తెగిందంటే ఒకటి, యజమాని సేఠు వస్తున్నాడంటే ఇంకొకటి. షెడ్డు ఆ చివరి నుంచి ఈ చివరికి ఇంటి విషయాలన్నీ వేళ్ల మీదే నడుస్తాయి. బావ నన్ను చూశాడు. పక్క సాంచా మనిషి వైపు తిరిగి, గాలిలో వేలితో రెండు సున్నాలు చుట్టి నా దిక్కు చూపించాడు. ఆ మనిషి పడీపడీ నవ్వాడు. చప్పుడులో నవ్వు వినపడలేదు, పళ్లు మాత్రం కనిపించాయి.

బయటికొచ్చాక అక్కను అడిగాను, ఏమన్నాడని.

"తప్పిపోయినోడు దొరికిండు అన్నడు."

చప్పుడు ముందు చుట్టరికాలు వినపడవని రాసిన నేను, ఆ షెడ్డులోకి ఒక్కసారైనా తొంగి చూసి రాయలేదు.

మధ్యాహ్నం బావ ఇంటికొచ్చాడు. అన్నం, పచ్చిపులుసు, ఎండు చేపల వేపుడు. ముద్ద కలుపుతూనే మొదలుపెట్టాడు.

"సారు ఎట్లొచ్చిన్రు? ఇమానంలనా?"

"రైల్ల వచ్చిన బావా."

"స్టేషనుకు ఎవరన్న వచ్చిండ్రా, ఈసారి గూడ రాలేదా?"

కంచం పక్కకు జరిపి రెండు చేతులూ జోడించాను. ఎంగిలి చెయ్యి జోడించకూడదన్న సంగతి కూడా తోచలేదు. "తప్పయింది బావా. ఆ దినం నేను ఆడ లేను. అబద్ధం చెప్పిన. అబద్ధం రాసిన. అక్కను ఒడిబియ్యానికి పంపు."

బావ నా చేతుల వైపు చూసి, "మెతుకులు రాలుతున్నయి, తిను" అన్నాడు. తరువాత అక్క వైపు గడ్డం ఎగరేసి చూపించాడు. "పంపుమని నన్నడుగుతున్నవ్ గానీ, ఆమెను నేనెప్పుడు ఆపిన? మూడేండ్ల కింద టికెట్లు గూడ తీసిన. ఆమెనే పోలే."

నేను అక్క వైపు తిరిగాను. అక్క వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టింది.

"నీ రాత చింపుకొచ్చి ఈ వాడల ఇంటింటికి చూపిచ్చిన్రు తమ్మీ. కిరాణం కాడ నవ్వుకునేటోళ్లు, బామ్మర్దిని స్టేషన్ల ఇడిసిపెట్టినోడు వచ్చిండని. ఈయన ఒక్క మాట అనలే. నా మొగని గురించి అట్ల రాసినోని బియ్యం నా ఒడిల ఎట్ల పోసుకుంట? పోసుకుంటె అది నిజమని ఒప్పుకున్నట్టే గద."

అన్నేళ్లూ బావ మీద వేసిన నిందల్లో ఇంకొకటి నా కళ్ల ముందే రాలిపోయింది. ఏం చేస్తే వస్తావక్కా అని అడిగాను.

"పేపర్ల రాసినవ్. పేపర్లనే రాయి. అచ్చయినంక ఈయన వస్తనంటె, ఇద్దరం వచ్చి పీటల మీద కూసుంటం. ఈయన రాకపోతె నేను రాను."

బావ లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మళ్లీ కల్యాణ్, బావతో

మర్నాడు నా తిరుగు రైలు. బావ చొక్కా వేసుకుని, "నడువు, దారి చూపిస్త" అన్నాడు. ఒక పూట పని వదులుకుని వచ్చాడు.

స్టేషన్ చేరాక నన్ను నేరుగా ప్లాట్‌ఫారం చివరికి తీసుకెళ్లి, "ఇప్పుడు నువ్వు రైలు దిగినవ్. నడువు" అన్నాడు. నేను పిల్లవాడిలా నడిచాను, ఆయన వెనకాల. గుంపుతో పోబోతే భుజం పట్టి ఆపాడు.

"గుంపు దిక్కు పోకు. గుంపు లోకల్‌కు పోతది. ముందుగాల మెట్లెక్కు. బ్రిడ్జి మీద పక్కకు జరిగి నిలబడు. 'పశ్చిమ' అని రాసి ఉంటది చూడు, అటు దిగు. దిగినంక టికెట్ల కౌంటరు. దాని పక్కన బ్రిడ్జి కింద నీడ. గీడ."

అక్కడ ఆగాం. మామూలు చోటు. బూట్లు కుట్టే ఒకతను, గోడకానుకుని నిద్రపోతున్న ఒక ముసలామె, పూలమ్మే బుట్ట.

"గీడనే నిలబడ్డ" అన్నాడు బావ. "ఎనిమిదింటి నుంచి పదకొండు దాంక. ఫోన్ కొడితె బందు. రైలు ఎప్పుడో వచ్చిందన్నరు. పోలీసోళ్ల కాడికి పోయిన. ఆడ రోజూ ఎవరో ఒకరు లోకల్ కింద పడుతరు సారూ. పొద్దటి నుంచి పడ్డోళ్ల ఫోటోలు ఫోన్ల ఉంటయి. నీ చొక్కా రంగేందని అడిగిన్రు. నాకు తెల్వది. అయితె అన్ని చూడుమన్నరు. నాలుగు మాట్లు చూపిచ్చిన్రు. నాలుగు మాట్లు నువ్వు కాదు."

భుజం మీది సంచి కింద పెట్టాను.

"ఆ రోజు ఇంట్ల ఎందుకు చెప్పలే బావా? నేనంత మాటన్నప్పుడు..."

"నువ్వు బతికి కూసున్నవ్ గద, చాయ తాగుకుంట. గంతే సాలనుకున్న. అచ్చుల రాస్తవని నాకేమెరుక?"

ఆయన పక్కకు తిరిగి, పూలబుట్ట ఆమెను తాగే నీళ్లు ఎక్కడున్నాయని మరాఠీలో అడిగాడు. నాకు సీసా నింపుకొచ్చాడు. రైలు కదలబోతుంటే కిటికీ దగ్గరికొచ్చి చెప్పాడు. "నేను మంచోణ్ణని రాయకు. నవ్వుతరు. దారి రాయి. మనోళ్లు ఇంక ముంబై దాంక పోయి వేలకు వేలు కారుకు పెడుతున్నరు."

దారి

అందుకని రాస్తున్నాను. భివండికి రైల్లో పోయేవాళ్లు కల్యాణ్‌లోనే దిగండి. గుంపు వెంట పోకండి. మెట్లెక్కి, బ్రిడ్జి మీద పక్కకు జరిగి, పశ్చిమ వైపు దిగండి. టికెట్ కౌంటర్ పక్కన, బ్రిడ్జి కింద నిలబడండి. ఎవరైనా వస్తామని చెప్పి ఉంటే వాళ్లు వచ్చేదాకా అక్కడే ఉండండి. వాళ్లు వస్తారు. ఒక్కరే అయితే బయటికి రాగానే షేర్ ఆటోలుంటాయి. లోకల్ రైలు మంచిది, చవకది, కానీ ఏది ఎక్కడ ఆగుతుందో తెలిసినవాళ్లు పక్కన ఉన్నప్పుడే ఎక్కండి. మ్యాపు చూడటం వచ్చినంత మాత్రాన ఎక్కకండి. ముసలివాళ్లతో, సామానుతో పోయేవాళ్లకు సిద్దిపేట నుంచి నేరుగా పోయే బస్సే సుఖం.

పత్రికకు పంపే ముందు ఇదంతా అక్కకు ఫోన్లో చదివి వినిపించాను. సుజాత పక్కనే కూర్చుని విన్నది. అక్క మధ్యలో ఒక్కసారి ముక్కు ఎగబీల్చింది, అంతే. చదవడం అయిపోయింది. అటువైపు దూరంగా సాంచాల టకటక వినిపించింది. తరువాత బావ గొంతు వచ్చింది. ఇంతసేపూ ఆయన కూడా వింటున్నాడు.

"మొత్తం మంచిగనే ఉన్నది గానీ, ఒక్కటి రాయకుంట ఇడిసినవ్. చివరి డబ్బాల ఉన్నోళ్లు మెట్లకు చానా దూరం నడువాలె. నడుమ డబ్బాలల్ల ఉంటెనే మెట్లు ముంగట్నే వస్తయి. అది గూడ రాయి."

రాస్తాను బావా అన్నాను. పోయేవాళ్లు నడుమ బోగీల్లో సీటు చూసుకోండి.

ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. గొంతు సవరించుకున్నాడు.

"అవునూ, ఒడిబియ్యానికి సేఠును ఎన్ని దినాలు సెలవడగాలె?"

సుజాత నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "అయిదు దినాలు అన్నా, ఒక్క దినం తక్కువైనా ఊకోను" అంది.